పెట్టే చీరలు

మన ఇళ్లల్లో చీరలు రెండు రకాలు. కట్టుకునేవి ఒక రకం, పెట్టేవి ఒక రకం. పట్టు, నూలు, జరీ అంటూ దుకాణాలవాళ్లు చెప్పే రకాలన్నీ ఆ తర్వాతవే. కట్టుకునే చీరలు బీరువాలో కంటికెదురుగా ఉంటాయి. పెట్టే చీరలు కింది అరలోనో, మంచం కింద సూట్‌కేసులోనో ప్లాస్టిక్ కవర్లలో ముడుచుకుని, ఎవరింట్లో ఏ శుభకార్యం వస్తుందా అని ఎదురుచూస్తుంటాయి. వాటికి మడత విప్పే యోగం లేదు. గృహప్రవేశంలో ఒకావిడ పెడుతుంది, బారసాలలో ఇంకొకావిడకు చేరుతుంది, సీమంతంలో మూడో ఆవిడ ఒళ్లో పడుతుంది. ఈ సంగతి పెట్టేవాళ్లకూ తెలుసు, తీసుకునేవాళ్లకూ తెలుసు. అయినా బొట్టు పెట్టి, "ఏమనుకోకండి, ఏదో మా తాహతు కొద్దీ" అని ఒకరంటే, "అయ్యో, ఇప్పుడివన్నీ ఎందుకండీ" అని రెండోవారు అనడం మాత్రం ఏనాడూ తప్పదు.

ఇలాంటి చీర వయసు కనుక్కోవడానికి నా దగ్గర ఒక చిట్కా ఉంది. కవరు మీద అచ్చు వేసిన దుకాణం ఫోను నంబరు చూడండి. పది అంకెల సెల్ నంబరైతే చీర ఈమధ్యది. ఆరంకెలే ఉంటే పాతికేళ్ల నాటిదన్నమాట. మా ఇంట్లో అయిదంకెల చీర ఒకటుంది. అది ఎన్ని పెళ్లిళ్లు చూసిందో, ఎన్ని బస్సులెక్కిందో తెలియదు. రంగు వెలవలేదు, చిరగలేదు, ముక్కవాసన కూడా పట్టలేదు. మనుషులు ముసలివాళ్లయ్యారు గాని అది మాత్రం కొత్త పెళ్లికూతురిలాగే ఉంది.

మా అమ్మాయి పెళ్లి కుదిరినప్పుడు ఈ పెట్టే చీరల లెక్క మా ఇంట్లో పెద్ద రామాయణమే అయింది. ఆ రామాయణంలో పెళ్లిసందడి కన్నా పెద్ద విషయాలు కొన్ని ఉన్నాయి కాబట్టి మీతో చెప్పాలనిపించింది.

మా అత్తగారి ఊరు చేర్యాల. 2016లో జిల్లాలు మారినప్పుడు వరంగల్ జిల్లాలోంచి సిద్దిపేట జిల్లాలోకి వెళ్లింది. కొమురవెల్లి మల్లన్న జాతరకు వెళ్లినవాళ్లకు దారిలో తెలిసే ఉంటుంది. లేకపోతే నకాషీ బొమ్మల వల్ల తెలిసి ఉంటుంది. ఎర్రటి నేల మీద పెద్ద పెద్ద కళ్లతో, పసుపు, నీలం ఒళ్లతో నిలబడే ఆ బొమ్మలు ఇప్పుడు హైదరాబాదులో ఎవరి హాల్లో చూసినా కనిపిస్తాయి. మా వారి ఉద్యోగం పుణ్యమా అని ఊళ్లన్నీ తిరిగి, ఇప్పుడు మేం చేర్యాలలోనే ఉంటున్నాం. పెళ్లి కూడా అక్కడే చేద్దామనుకున్నాం.

పెట్టే చీరల జాబితా రాయడానికి మా ఆడబిడ్డ వచ్చింది. పెళ్లిళ్ల వ్యవహారంలో ఆవిడ మాటకు మా ఇంట్లో ఎదురు లేదు. అద్దాలు ముక్కు మీదికి దించుకుని, వరసలు చెప్పుకుంటూ, రెండు గంటల్లో 84 పేర్లు రాయించింది. ఆ పేర్లకు పక్కన ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేయించింది. ఒకటి అంటే ఘనమైన చుట్టాలు. రెండు అంటే ఉన్నంతలో ఉన్నవాళ్లు. మూడు అంటే పల్లెటూరి బంధువులు, పనిచేసేవాళ్లు. దుకాణాల్లో కూడా ఈ మూడు అంతస్తుల ప్రకారమే చీరల కట్టలు కట్టి ఉంచుతారట. "ఇన్ని కావాలె, గీ రేటుల" అంటే చాలు, మొహాలు కూడా చూడకుండా కట్టి ఇచ్చేస్తారు. సగటున చీరకు 350 రూపాయలు వేసుకుంటే మొత్తం 29,400. పెళ్లి ఖర్చులో అదొక లెక్కా అనిపించే అంకె.

మా అమ్మాయి హైదరాబాదు నుంచి వారానికోసారి వచ్చిపోతుండేది. జాబితా చూసి, "అమ్మా, 84 ప్లాస్టిక్ సీసాలు పంచుతావా?" అంది.

అది వేళాకోళం అనుకున్నాను గాని, వేళాకోళం కాదట. పాలిస్టర్ అనే దారం పెట్రోలియంలోంచి తీసిందే. మంచినీళ్ల సీసా, పాలిస్టర్ చీర ఒక తల్లి పిల్లలే. ఉతికినప్పుడల్లా కంటికి కనిపించని పోగులు నీళ్లతో పాటు కాలవలోకి పోతాయి. మట్టిలో వేస్తే మన మనవల మనవలు తవ్వినా దొరుకుతాయి.

ఇదంతా దాని చదువు. నా చదువు వంటింటి చదువు. నేనొకటి చెబుతాను, మీరు ఒప్పుకుంటారో లేదో చూడండి. మా అమ్మమ్మ నూలు చీర ఆరేడేళ్లు కట్టేది. కట్టు బిగువు తగ్గాక ఇంట్లో కట్టుకునేది. చిరిగితే నాలుగు పొరలు వేసి బొంత కుట్టేది. బొంత చిరిగితే పసిపిల్లల పక్కగుడ్డలు. ఆ తర్వాత వంటింట్లో మసిగుడ్డ. చివరికి ఇల్లు తుడిచే గుడ్డ. అంతటితో ఆ చీర రుణం తీరిపోయేది. పాలిస్టర్ చీర చిరగదు సరే, కట్టడం విసుగెత్తాక దాన్నేం చేస్తారు? పక్కకు వేస్తే పసిపిల్లలకు ఒళ్లు పేలుతుంది. వేడి గిన్నె దించితే చేతికి అతుక్కుంటుంది. నేల తుడిస్తే నీళ్లను అటునుంచి ఇటు తోస్తుందే గాని పీల్చదు. మన చిన్నప్పుడు పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ వీధిలో కేకేస్తూ వచ్చేది. ఒక్క గిన్నె కోసం మా అమ్మ ఆవిడతో గంటసేపు బేరమాడేది. ఇప్పుడు ఆవిడా రావడం లేదు. వచ్చినా ఈ చీరలు చూస్తే బుట్ట ఎత్తుకుని పోతుందేమో!

అలాగని మా అమ్మమ్మ కాలం బంగారమని నేననను. ఆవిడ చీరను అంత పొదుపుగా వాడింది భూమాత మీద ప్రేమతో కాదు, మూడే చీరలు ఉన్నాయి గనక. ఒంటిమీద తడిచీర ఆరబెట్టుకున్న రోజులున్నాయని చెప్పేది. ఆ లేమిని ఇప్పుడు మనం దండవేసి పూజించనక్కర్లేదు. నాకు చెప్పాలనిపించింది వేరే. చీర అనేదానికి ఒక జీవితం ఉండాలి. ఒకరు కట్టాలి, నలగాలి, పాతబడాలి. పుట్టిన దగ్గర్నుంచీ ఎవరి ఒంటి మీదికీ ఎక్కకుండా కవర్లోనే తిరిగే చీరను ఎవరో కూర్చుని నేశారు, రంగు వేశారు, మడత పెట్టారు. వాళ్ల కష్టానికి అర్థమేమిటి?

ఈ ప్రశ్న నా మనసులో తిరుగుతుండగానే మా ఆడబిడ్డ దుకాణం నుంచి నమూనాగా ఒక చీర తెచ్చింది. "చూడు మరదలా, మన ఊరి పెండ్లికి మన ఊరి బొమ్మ. చేర్యాల ప్రింటు! మూడు వందల యాభయ్యే" అంది సంబరంగా. ఎర్రటి అంచు, కొంగు నిండా ఎడ్లబండ్లు, కల్లు గీసేవాళ్లు, బతుకమ్మ ఆడేవాళ్లు. నిజం చెప్పొద్దూ, చూడగానే ముచ్చటేసింది. మిషను మీద రంగులు చిమ్మి అచ్చువేసిన పాలిస్టర్ చీర అది.

మా వీధికి రెండు వీధుల అవతల బొమ్మలు వేసే కుటుంబం ఒకటుంది. ఆ ఇంటి కోడలితో నాకు పరిచయం. ఊళ్లో ఇప్పుడు ఈ పని చేసేవి కొద్ది కుటుంబాలే. ఆమె పొద్దున్నే ఖద్దరు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూత పూసి ఎండలో ఆరేస్తుంది. ఆరాక మళ్లీ పూత. అలా రెండు మూడు పూతలైతే గాని గుడ్డ బొమ్మకు రాదు. గీత మగవాళ్లు గీస్తారు. రంగులు నింపడం, అంచులు దిద్దడం చాలామటుకు ఆడవాళ్ల చేతుల మీదే జరుగుతుంది. చీర చూపిద్దామని వాళ్లింటికి వెళ్లాను. ఆమె కొంగు చేతిలోకి తీసుకుని, ఎండలోకి పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇది మా మామ గీసిన పటమే అక్కా. గీ ఎద్దు కొమ్ము జూడు, ఒంకర. గట్ల మా మామ ఒక్కడే గీస్తడు" అంది.

"మిమ్మల్ని అడిగారా?"

"ఎవరడుగుతరు? బొమ్మ మాదే. పైసలే మాయి గావు" అని నవ్వింది. నేనేదో ఆవేశంగా అనబోతుంటే, "నేను గూడ ఒకటి కొనుక్కున్న అక్కా, బతుకమ్మకు. సస్తగ ఉన్నది గద" అని చీర మడత పెట్టి నా చేతిలో పెట్టింది.

ఏమంటాం చెప్పండి! తన మామగారి చెయ్యిని 350 రూపాయలకు తనే కొనుక్కుంది. చేర్యాల బొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. అంటే ఆ పేరుతో ఇక్కడివాళ్లు చేసిన బొమ్మలే అమ్మాలి. కాని కాగితం మీది గుర్తింపు కొమ్ము వంకరను కాపాడలేకపోయింది. పోచంపల్లి వాళ్లదీ ఇదే గోడు. వాళ్ల ఇక్కత్‌కు 2004-05లోనే గుర్తింపు వచ్చింది. అయినా బజారులో సగం ధరకు అచ్చు ఇక్కత్ రాసులు పోసి అమ్ముతూనే ఉన్నారు. అన్నట్టు, మీరు కొనేటప్పుడు చీరను తిరగేసి చూడండి. అసలు ఇక్కత్‌లో దారానికే ముందు రంగు అద్ది తర్వాత నేస్తారు గనక, రెండు వైపులా రంగు దాదాపు ఒక్కలాగే ఉంటుంది. అచ్చు వేసిందైతే వెనకవైపు వెలవెలబోతూ ఉంటుంది.

చేర్యాల బొమ్మకూ చీరకూ ఈనాటిది కాని చుట్టరికం ఒకటుంది. ఈ పటాలు మొదట గోడకు తగిలించుకోవడానికి వేసినవి కావు. గజాల కొద్దీ పొడవున్న గుడ్డ మీద కథంతా వరసగా బొమ్మలు వేసి ఇస్తే, కథ చెప్పేవాళ్లు ఊరూరా తిరిగి, ఒక్కొక్క బొమ్మే విప్పుతూ రాత్రంతా పాడేవాళ్లు. ఒక్కో కులానికి ఒక్కో కథ. పద్మశాలీలకు కూనపులి వాళ్లు వచ్చి మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు. అందులో భావనారుషి తామరతూటి దారంతో దేవతలకు బట్ట నేసి ఇస్తాడు. దేవతలకైనా ఒంటి మీద బట్ట ఇచ్చింది నేతగాడే అన్నమాట. పటం పాతబడి చిరిగితే, మనిషికి చేసినట్టే మర్యాద చేసి నీళ్లలో కలిపేవాళ్లట. గంజి, సుద్ద, చింతగింజ, ఖద్దరు గుడ్డ. అన్నీ నీళ్లలోనూ మట్టిలోనూ కలిసిపోయేవే. అదే బొమ్మను అచ్చేసిన ఈ చీరను మాత్రం ఏ చెరువులో కలుపుతాం? చెరువే వద్దంటుంది.

చవక అనే మాట మీద నాకు అప్పట్నుంచి అనుమానం పట్టుకుంది. చీర ఖరీదు తగ్గితే ఆ తగ్గిన డబ్బు ఎక్కడికో పోదు కదా, ఎవరో ఒకరు కట్టే ఉంటారు. మా చేర్యాల చీరలో కట్టింది ఆ మామగారు. ప్రపంచంలో వేరేచోట్ల ఇంతకన్నా ఎక్కువే కట్టారు. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో ఢాకా దగ్గర సావార్‌లో రాణా ప్లాజా అనే ఎనిమిదంతస్తుల భవనం కూలింది. ముందురోజే గోడలు బీటలు వారాయి. కింద ఉన్న బ్యాంకు వాళ్లు తమ ఉద్యోగుల్ని రావద్దన్నారు. పై అంతస్తుల్లో బట్టలు కుట్టే అమ్మాయిల్ని మాత్రం పనిలోకి రమ్మన్నారు. 1,134 మంది పోయారు. ఎక్కువమంది ఆడపిల్లలే. వాళ్లు కుడుతున్నవి యూరపు, అమెరికా దుకాణాలకు పోయే బట్టలు. ఒకటి కొంటే ఒకటి ఉచితం అని బోర్డులు పెట్టి అమ్మే రకం.

అంత దూరం ఎందుకు, మన పక్కనే తిరుప్పూరు ఉంది. మనం వేసుకునే బనియన్లు, పిల్లల టీషర్టులు చాలా వరకు అక్కడివే. అద్దకం మిల్లుల రంగునీళ్లు నొయ్యల్ నదిలోకి వదిలీ వదిలీ, దిగువన రైతుల పొలాలు, బావులు పాడైపోయాయి. రైతులు కోర్టుకెక్కారు. చివరికి 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు ఆ అద్దకం మిల్లుల్ని మూసేయమంది. నదులు మాట్లాడవు గనక రైతులు మాట్లాడారు. రైతులూ ఊరుకుంటే ఆ బిల్లు నది పేరునే ఉండిపోయేది.

ఇదంతా విని మీరు, "అందుకేనమ్మా మేం చేనేతే కొంటాం" అని గర్వంగా అనుకుంటున్నారేమో. నేనూ అనుకున్నాను. కాని చేనేతలోనూ లెక్కకు రాని వాళ్లున్నారు. వాళ్లు ఎవరో కాదు, మన లాంటి ఆడవాళ్లే.

చింతకింది మల్లేశం గారి పేరు మీరు వినే ఉంటారు. ఆయన మీద 2019లో సినిమా కూడా వచ్చింది. మా చేర్యాలకు ఎంతో దూరం లేని ఆలేరు దగ్గర శారాజీపేట ఆయన ఊరు. పోచంపల్లి రకం చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంగా కొట్టిన మేకుల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పడం. ఒక చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు తిరగాలి. మల్లేశం గారి తల్లి లక్ష్మమ్మ గారు రోజుకు రెండు చీరలకు ఆసు పోసేవారట. అంటే 18,000 సార్లు. భుజం పడిపోదూ మరి! ఆ తల్లి నొప్పి చూడలేక, పెద్ద చదువు లేని ఆ కొడుకు ఏళ్ల తరబడి తిప్పలు పడి 1999లో ఆసు యంత్రం చేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు.

ఈ కథను మనం కొడుకు కథగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. కాని ఆ యంత్రం రానంతవరకు, తరతరాలుగా, ఎన్ని వేలమంది ఆడవాళ్ల భుజాలు ఆ మేకుల చుట్టూ తిరిగి అరిగిపోయాయో లెక్క రాసుకున్నవాళ్లు లేరు. మగ్గం మీద కూర్చున్నాయన నేతగాడు. కండెలు చుట్టిన భార్య, పోగులు అతికిన కూతురు, ఆసు పోసిన తల్లి ఎవరు? "ఇంట్ల పనే గదా" అంటారు. కూలి కట్టేటప్పుడు చీరకు ఇంత అని మగ్గం పేరున కడతారు. 2019-20లో జరిగిన చేనేత గణనలో దేశంలో 35 లక్షల మంది ఈ పనిలో ఉన్నారని తేలింది. వాళ్లలో నూటికి డెబ్బై మందికి పైగా ఆడవాళ్లే! నేతపని చేసే కుటుంబాల్లో మూడింట రెండు వంతుల వాళ్లకు నెలకు అయిదువేలు కూడా రావడం లేదనీ అదే గణన చెప్పింది. మనం చీర చూసి, "చేనేతట, ఎంత ఖరీదు చెబుతున్నారో" అని ముక్కు విరిచేది ఈ ఇళ్లలో పుట్టిన చీరను చూసే.

ఇన్ని తెలిశాక ఇక 84 చీరలు కొనబుద్ధి కాలేదు. రాత్రి భోజనాల దగ్గర సంగతి ఎత్తాను. మా అమ్మాయి వెంటనే, "అసలు చీరలే పెట్టొద్దమ్మా, ఎవరికీ వద్దు" అంది. మా వారు పప్పు కలుపుకోవడంలో మునిగిపోయారు. మా ఆడబిడ్డ కంచం ముందు చెయ్యి ఆపేసింది.

"ఏం బిడ్డా, నీ సదువంత మా మర్యాద మీదనేనా?" అంది మేనకోడలితో. "నీకు బీరువ నిండ బట్టలున్నయి, వద్దంటవు. తరిగొప్పుల నుంచి చిన్నమ్మ వస్తది. ఏడాదికి ఆమె కట్టే కొత్త చీర గీ పెండ్లిళ్లల్ల పెట్టేదే. ఆమెకు ఒట్టిగ బొట్టు పెట్టి తోలిస్తవా? భూమి ఖరాబైతదని చెప్తవా ఆమెకు?"

ఎవరమూ మాట్లాడలేదు. ఆవిడే మళ్లీ అందుకుంది. "సిరిసిల్లల మా మరిది మరమగ్గం నడిపిస్తడు. పాలిస్టరు బందైతే వాని పిల్లలేం తినాలె?"

ఆ మాటా కొట్టిపారేయగలిగింది కాదు. సిరిసిల్లలో పని లేక, అప్పులు తీరక నేతవాళ్లు ప్రాణాలు తీసుకున్న రోజులు మా తరం వాళ్లం పేపర్లలో చదివాం. 2017లో అప్పటి ప్రభుత్వం బతుకమ్మ చీరలు పంచడం మొదలుపెట్టినప్పుడు ఆ పనిని సిరిసిల్ల మరమగ్గాలకు ఇచ్చింది. చీరలు బాగాలేవని పడేసినవాళ్లూ ఉన్నారు. వాటి వల్ల పొయ్యి వెలిగిన ఇళ్లూ ఉన్నాయి. రెండూ నిజమే. చవక చీర మీద కోపం తెచ్చుకోవడం నాలాంటి వాళ్లకు తేలిక. దాని మీద బతికేవాళ్లు మన కోపంతో అన్నం వండుకోలేరు.

ఆ రాత్రి నేను జాబితా మళ్లీ తీశాను. మా ఆడబిడ్డ వేయించిన ఒకటి, రెండు, మూడు అంకెలు కొట్టేసి, పేరు పేరుకూ ఒకే ప్రశ్న వేసుకున్నాను. ఈ చీర ఈవిడ కట్టుకుంటుందా? ఒకటో అంతస్తు చుట్టాల్లో దాదాపు ఎవరూ కట్టుకోరు. వాళ్ల బీరువాలు నిండి ఉన్నాయి. నేను పెట్టిన చీర వాళ్లింటి కింది అరలోకి పోతుంది. రెండో అంతస్తులో సగం మంది అంతే. కట్టుకునేవాళ్లంతా మూడో అంతస్తులో ఉన్నారు! తరిగొప్పుల చిన్నమ్మ, బట్టలుతికే ఆవిడ, వాకిలి ఊడ్చే ఆవిడ, పెళ్లికి పిండి దంచి, పసుపు కొట్టి, అరిసెలు వండిన వాళ్లు. పొద్దున్నుంచి రాత్రి దాకా ఒళ్లు వంచి పనిచేసే వాళ్లకు, ఎండల్లో చెమట పీల్చే చీర కావలసిన వాళ్లకు, మనం ఎంచి ఎంచి అన్నిటికన్నా నాసిరకం పాలిస్టర్ పెడుతున్నాం. మర్యాద అని మా ఆడబిడ్డ అన్న మాట నిజమే. కాని ఆ మర్యాదను మనం తలకిందులుగా పంచుతున్నాం.

లెక్క తిరగరాస్తే 24 పేర్లు వచ్చాయి. సిద్దిపేటలో నేత సంఘం దగ్గర 1,200 చొప్పున నూలు చీరలు 24 తెచ్చాం. 28,800 అయ్యాయి. అక్కడే గొల్లభామ చీర కూడా చూశాం. తలమీద కుండతో, చేతిలో కర్రతో వరసగా నడిచే భామల్ని నేతలోనే పోగు పోగుగా తెచ్చే చీర అది. మా అమ్మాయి తనకు ఒక్కటి తీసుకుంది. మిగిలిన 60 మందికి చేనేత జాకెట్టు గుడ్డ, అందులో పసుపు, కుంకుమ, కుడుకలు, బెల్లం. గుడ్డకు 120 చొప్పున 7,200, ఆ పైన కుడుకలు. మొత్తం మీద మొదటి లెక్క కన్నా ఎక్కువే అయింది. మంచిపని చేస్తే డబ్బు కూడా మిగులుతుందని మీకు ఎవరైనా చెబితే నమ్మకండి. మా వారు చీటీ చూసి, "ధర్మానికి కూడా జీఎస్టీ ఉంటుందన్నమాట" అన్నారు.

బొమ్మలావిడ ఇంటికి కూడా మళ్లీ వెళ్లాను. జాకెట్టు గుడ్డల సంచుల మీద తగిలించడానికి చిన్న చిన్న చీటీల మీద బొమ్మ వేసివ్వమని అడిగాం. ధర ఆమె చెప్పింది, మేం బేరమాడలేదు. ఆమె కాసేపు ఆగి, "ఎద్దు బొమ్మ ఏస్త అక్కా. కొమ్ము మా మామతోనే ఏపిస్త" అంది.

పెళ్లిలో అందరూ మెచ్చుకున్నారని రాస్తే కథలా ఉంటుంది. జరిగింది వేరు. బెంగళూరు నుంచి వచ్చిన మా వారి పినతండ్రి కోడలు సంచి విప్పి చూసి, పక్కావిడతో ఏదో గుసగుసలాడింది. ఇంకొకరు వెళ్లేటప్పుడు సంచి కుర్చీలోనే మరిచిపోయారు, లేదా మరిచిపోయినట్టు వదిలేశారు. మా ఆడబిడ్డ తన సంచి చేతిలో పట్టుకుని, "ఇగ మేం జాకెట్టుగుడ్డ చుట్టాలమైతిమి" అని అందరిముందూ అంది. నవ్వుతూనే అంది గాని, ఆ నవ్వులో ముల్లు నాకు తగిలింది. నెల రోజులు ఫోను చేయలేదు. మర్యాదల దగ్గర మనుషుల మనసు నొప్పించడం చిన్న విషయమని నేననుకోను. ఇప్పటికీ ఆవిడ మాట గుర్తొస్తే కలుక్కుమంటుంది.

సంక్రాంతి వెళ్లాక కొమురవెల్లి జాతరలో తరిగొప్పుల చిన్నమ్మ కనిపించింది. ఒంటి మీద ఆకుపచ్చ చీర. మేం పెట్టిందే. గంజిపెట్టి ఉతికి, మోకాళ్ల దాకా ఎగ్గట్టి, నెత్తిన బోనం గంపతో నడుస్తోంది. నన్ను చూడగానే ముందు నేరం మోపింది. "నువ్వు పెట్టిన చీర రంగు వోయింది బిడ్డా. తెల్ల రైక ఖరాబైంది" అంది. నా గుండె గుభేలుమంది. "మొదటిసారి విడిగా ఉప్పునీళ్లలో జాడించాలి చిన్నమ్మా, చెప్పడం కుదరలేదు" అన్నాను. "ఏమన్న గాని, సల్లగున్నది. ఒంటికి అంటుకపోతలేదు. ఇంకోటి పెట్టరాదు?" అని నడిచిపోయింది.

మొన్న మా ఆడబిడ్డ ఫోను చేసింది. వాళ్లబ్బాయి పెళ్లి మాఘమాసంలో. పిలుపుల సంగతులన్నీ అయ్యాక, పెట్టే చీరలు 70 అనుకుంటున్నానంది. అందులో 50 సిరిసిల్ల మరిది దగ్గరే తీసుకుంటుందట. "వాడు బతకాలె గద" అంది. మిగిలిన 20 మాత్రం, ఎండల్లో పనిచేసే వాళ్లకని, సిద్దిపేట సంఘం ఎక్కడుందో అడిగింది. అడ్రసు చెప్పాను. మొదటిసారి ఉప్పునీళ్లలో జాడించమని అందరికీ చెప్పమని కూడా చెప్పాను.

ఫోను పెట్టేసే ముందు ఆవిడ ఒక్క క్షణం ఆగి, "నీకు మాత్రం చీరనే పెడుత. జాకెట్టు గుడ్డ పెట్ట" అంది.

"పెట్టండి వదినా, కట్టుకుంటాను" అన్నాను.